మురుగు కాలువ వైపు నుంచి గోదావరి డెల్టా

గోదావరి డెల్టా గురించి ఎవరు రాసినా ఒకే వరుసలో రాస్తారు. త్ర్యంబకంలో పుట్టింది, 1465 కిలోమీటర్లు నడిచింది, పాపికొండలు దాటింది, ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టాడు, నేల బంగారమైంది. ఆ తరువాత కొబ్బరి తోటలు, పూతరేకులు, పులస చేప, ప్రభల తీర్థం. చివర్లో పడవ మీద సూర్యాస్తమయం. పర్యాటకుల కోసం వేసిన కరపత్రమైనా, స్కూలు పాఠమైనా, సంక్రాంతికి వచ్చి వెళ్ళిన బంధువు ఫేస్‌బుక్‌లో రాసుకునే నాలుగు ముక్కలైనా ఇంతే. ఇందులో అబద్ధం ఏమీ లేదు. అయితే చేలు మునగడం చూస్తూ పెరిగినవాడికి ఇది సగం కథ. నీళ్ళు ఎలా వచ్చాయో చెప్పి ఊరుకుంటారు, ఎలా పోతాయో ఎవరూ చెప్పరు.

ఈ వ్యాసం ఆ రెండో సగం గురించి. డెల్టా బురదతో పుట్టింది. మురుగు పారినన్నాళ్ళు పండింది. ఎవరి ఇల్లు ఎక్కడ ఉంది, ఎవరు ఊరు వదిలి వెళ్ళారు అన్న సంగతులు కూడా చాలావరకు మెరక ఎవరికి దక్కింది, పల్లం ఎవరికి మిగిలింది అన్నదాన్ని బట్టే నడిచాయి. అందుకే ఈ సీమ చరిత్రను ఆనకట్ట గట్టు మీద నిలబడి కాకుండా మురుగు కాలువ గట్టు మీద నిలబడి చెప్పాలని నా పట్టుదల.

ముందు నేల సంగతి. పాపికొండల మధ్య ఇరుకున వచ్చిన నది పోలవరం దగ్గర బయటపడి వెడల్పవుతుంది. ధవళేశ్వరం దిగాక గౌతమి, వశిష్ట అని రెండుగా చీలుతుంది. వశిష్ట నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమి యానాం పక్క నుంచి వెళ్ళి, వైనతేయ ఓడలరేవు దగ్గర, వశిష్ట అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. గౌతమికీ వశిష్టకీ మధ్య చిక్కుకున్న ముక్కే కోనసీమ. పురాణం లెక్కలో పాయలు ఏడు, ఒక్కొక్కటి ఒక్కో ఋషి తెచ్చింది. చొల్లంగి అమావాస్య నాడు మొదలుపెట్టి ఏడు సంగమాల్లోనూ స్నానం చేసే సప్తసాగర యాత్ర ఇప్పటికీ సాగుతోంది. ఆ ఏడింటిలో తుల్యభాగ ఒకటి, కౌశిక ఒకటి. యాత్రికుడికి అవి పుణ్యతీర్థాలు. నీటిపారుదల శాఖ దస్త్రాల్లో రెండూ డ్రెయిన్లు. ఋషి తెచ్చిన పాయలో ఇవాళ పట్టణపు మురుగు, గుర్రపు డెక్క కలిసి కదలకుండా పడి ఉంటే, దాన్ని పవిత్రం అనాలో డ్రెయిను అనాలో తేల్చుకోలేక మనవాళ్ళు రెండూ అంటారు, రెండింటికీ చేయవలసిన పని మాత్రం చేయరు.

ఈ నది నీళ్ళు పట్టుకొచ్చే నేల విస్తీర్ణం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే దేశంలో ఇంచుమించు పదో వంతు. మరాఠ్వాడా రేగడి, ఇంద్రావతి కడిగి తెచ్చిన బస్తరు మట్టి, శబరి తెచ్చిన ఒరిస్సా కొండల మట్టి, అన్నీ కలిసి జులైలో ఎర్రనీరై దిగుతాయి. ఆ ఒండ్రు గత ఆరువేల ఏళ్ళుగా సముద్రాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి నెట్టింది. ఎంతెంత దూరం నెట్టిందో తెలుసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. అమలాపురం నుంచి సముద్రం వైపు వెళుతుంటే తీరానికి సమాంతరంగా ఇసుక మెరకలు, వాటి మధ్య పల్లాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఒక్కొక్క మెరక ఒకప్పటి సముద్రపు ఒడ్డు. మెరక మీద ఇళ్ళు, కొబ్బరి తోటలు, గుడి, రోడ్డు. పల్లంలో వరి. మా వైపు చాలా ఊళ్ళలో మెరక మీద పెద్ద రైతుల, బ్రాహ్మణుల ఇళ్ళుంటాయి. వాన పడితే నీళ్ళు చేరే చోట, మురుగు కోడు, అంటే చిన్న మురుగు కాలువ, వారగా, మాలపల్లి, మాదిగపల్లి ఉంటాయి. డెల్టాలో రెండు అడుగుల ఎత్తు చాలా ఖరీదైన వస్తువు. దాన్ని ఎవరు ముందు ఆక్రమించుకున్నారో ఏ శాసనమూ చెప్పకపోయినా వరద చెబుతుంది.

పాయల మధ్య లంకలున్నాయి. నది ఒక ఒడ్డున కోస్తుంది, మరో ఒడ్డున మేట వేస్తుంది. నది నడిమధ్యన ఉన్న నీళ్ళకు కూడా మా ప్రాంతంలో పట్టాదారులుంటారు. తాత ముత్తాతలు దున్నిన లంక ఏనాడో గోదావరి పాలైంది, కాగితం మాత్రం ఇంట్లో భద్రంగా ఉంది. లంక మట్టిలో ఎరువు అక్కర్లేకుండా కూరగాయలు, అరటి, పొగాకు పండుతాయి. లంక పొగాకు చుట్టలు ఒకప్పుడు లండన్ దొరల నోళ్ళలో కాలాయి. వరద వస్తే ఆ లంకల్లోని జనం పశువులను తోలుకుని ఏటిగట్టు ఎక్కుతారు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఈ మూడు అంకెలు తెలియని మనిషి లంకల్లో ఉండడు. 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చింది. ఆ అంకె కూడా అందరికీ తెలుసు.

ఇక చరిత్ర. కాటన్‌కు ముందు ఇక్కడ ఎడారి, ఆయన వచ్చాక పచ్చదనం అన్నట్టు చెప్పేవాళ్ళ మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. వైనతేయ ఒడ్డున ఆదుర్రులో బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. తూర్పు చాళుక్యులు బిక్కవోలులో తొమ్మిదో శతాబ్దానికే గుళ్ళు కట్టారు, ద్రాక్షారామం కట్టారు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టాడు. పదకొండో శతాబ్దంలో ఒక రాజు తీరుబడిగా కావ్యం రాయించుకున్నాడంటే, ఆ కవిని పోషించిన ధాన్యం ఎక్కడో పండే ఉంటుంది కదా. పదిహేడో శతాబ్దానికి పాలకొల్లులో డచ్చివాళ్ళు, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళు గిడ్డంగులు పెట్టారు. మాధవాయిపాలెం బట్ట ఐరోపా అంగళ్ళలో ఆ ఊరి పేరుతోనే అమ్ముడుపోయింది. నరసాపురంలో సముద్రానికి వెళ్ళే ఓడలు కట్టేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులోనూ అంతే. ఇక్కడి నేల పండింది, మగ్గం ఆడింది, ఓడ తేలింది. తరువాత ఏమైందన్నదే అసలు ప్రశ్న.

తరువాత మూడు జరిగాయి. ఇంగ్లీషు మిల్లు బట్ట వచ్చి మగ్గం పడిపోయింది. కంపెనీ వసూలు చేసిన శిస్తు రైతు నడుం విరిచింది. 1833 ప్రాంతంలో కరువు వచ్చింది. తుఫానులు ఉండనే ఉన్నాయి. 1789లో సముద్రం కోరంగి మీదికి వచ్చింది, 1839లో మళ్ళీ వచ్చింది. ఆ రెండోసారి మూడు లక్షల మంది పోయారని ఒక లెక్క ప్రచారంలో ఉంది. ఆనాటి తీరంలో అంతమంది ఉన్నారంటేనే నాకు నమ్మబుద్ధి కాదు. అంకె ఏదైనా, కోరంగి మళ్ళీ లేవలేదు. పూడిక పెరిగి ఓడలు కాకినాడ వైపు మళ్ళాయి. ఓడరేవును నది పూడ్చేసింది అని విచారంగా చెప్పుకుంటాం గానీ, అదే పూడికతో పక్కన మడ అడవి లేచింది. కాకినాడ ఎదురుగా గత రెండు శతాబ్దాల్లో హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ సముద్రంలో నుంచి పైకొచ్చి కిలోమీటర్ల పొడవున సాగింది. కాకినాడ రేవుకు అలల నుంచి అదే అడ్డు. మనిషి కట్టిన ఏ గోడా దానంత కాలం ఖర్చు లేకుండా నిలబడలేదు.

యానాం ముచ్చట ఒక్క మాట. చుట్టూ ఇంగ్లీషు పాలన, నడుమ ముప్పై చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి ముక్క. 1954 దాకా అలాగే ఉంది. శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ హద్దులో చెల్లని బాల్య వివాహాలను పడవ దాటి వెళ్ళి యానాంలో చేసుకొచ్చిన పెద్దమనుషుల గురించి మా మామ్మ నవ్వుతూ చెప్పేది. పాయ దాటితే చట్టం మారిపోయే ఊళ్ళు మావి.

ఇప్పుడు కాటన్. ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఒక్క ముక్క కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. ఇసుక మీద రాయి నిలబెట్టి అంత వెడల్పు నదిని ఆపడం ఆనాటికి సాహసమే. కొత్త బరాజు కట్టడం 1970ల్లో మొదలై 1980ల తొలినాళ్ళలో ముగిసింది, దానికీ ఆయన పేరే పెట్టుకున్నాం. మా ప్రాంతంలో గోదావరి స్నానపు సంకల్పంలో కాటన్‌ను భగీరథుడిగా తలుచుకునే శ్లోకం చదివే పురోహితులున్నారు. ఒక ఇంగ్లీషు ఇంజనీరుకు ఇంతకంటే గౌరవం ఏ దేశంలోనూ దొరికి ఉండదు. ఆయన పక్కన పని నడిపించిన వీణం వీరన్నను మాత్రం ఎవరో అడిగితేనే గుర్తు చేసుకుంటాం. రాళ్ళు మోసిన వేలాది కూలీల పేర్లు అడిగేవాళ్ళే లేరు.

ఆనకట్ట నీళ్ళను పైకి ఎత్తింది, కాలువలు వాటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచాయి, మొత్తం పది లక్షల ఎకరాలు. వైనతేయ మీదుగా గన్నవరం అక్విడక్టు కట్టి నది మీద కాలువను నడిపించారు. అదే కాలువల్లో పడవలు నడిచాయి. ధాన్యం, జనం, పెళ్ళివారు అందరూ లాకుల దగ్గర ఆగి, నీటిమట్టం సర్దుకున్నాక ముందుకు వెళ్ళేవారు. రైలు కన్నా ముందు మాకు పడవే రైలు. ఆ మాటకొస్తే కోనసీమకు రైలు ఇంకా రానే లేదు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వేసిన పట్టాలను యుద్ధ కాలంలో పీకేశారు. కోటిపల్లి దాకా మళ్ళీ వేసేసరికి 2004 అయింది. అక్కడి నుంచి నరసాపురం దాకా లైను మంజూరై రెండు దశాబ్దాలు దాటింది. గోదావరి పాయల్లో వంతెన స్తంభాలు లేచి ఉంటాయి, వాటిని చూపించి ప్రతి ఎన్నికలో ఓట్లు అడుగుతారు.

కాలువ ఎక్కడ నడుస్తుందో గమనించండి. మెరక మీద నడుస్తుంది. ఎత్తులో ఉంటేనే తూము గుండా పిల్ల కాలువకు, అక్కడి నుంచి బోదెకు, బోదె నుంచి చేనుకు నీరు తనంత తాను దిగుతుంది. చేలో నిండాక మిగిలిన నీరు, వాన నీరు, ఊరి నీరు పల్లంలోని మురుగు కోడుకు చేరాలి. కోడు పెద్ద డ్రెయిన్లో, డ్రెయిను సముద్రంలో కలవాలి. ఇంతవరకూ లెక్క సరిగ్గానే ఉంది. చిక్కల్లా చివరన ఉంది. మా నేల సముద్రం కంటే ఎత్తు కొద్ది మీటర్లే. సముద్రం పోటు మీద ఉన్న గంటల్లో డ్రెయిను నీరు బయటికి పోదు, సరికదా ఉప్పునీరే లోపలికి ఎక్కుతుంది. పాటు మీద ఉన్న గంటల్లోనే మురుగు దిగాలి. ఆ కాస్త వ్యవధిలో డ్రెయిన్లో పూడిక ఉన్నా, తూడు పెరిగినా, ఎవరో చేపల చెరువు గట్టు లోపలికి జరిపినా ఆ పూట నీరు దిగదు. మరుసటి పూట మళ్ళీ వాన.

తొలి ప్రణాళికల్లో కాలువలకూ పడవలకూ దక్కిన శ్రద్ధ మురుగుకు దక్కలేదు. పాత పాయలు, సహజంగా ఏర్పడ్డ మురుగు కోడులు ఆ పని చేసుకుపోతాయని వదిలేశారు. నూరేళ్ళు గడిచాక, 1960ల్లో మిత్రా కమిటీ వచ్చి డెల్టా మురుగు సమస్య గురించి సవివరంగా నివేదిక ఇచ్చింది. 1968లో రైతుల మీద డ్రైనేజీ సెస్సు వేస్తూ చట్టం చేశారు. సెస్సు కట్టిన తరం వెళ్ళిపోయింది. నివేదికలోని మాటలే ఆ తరువాతి నివేదికల్లోనూ తిరుగుతున్నాయి.

మా పొలం శివారు ఆయకట్టులో ఉంటుంది. శివారు అంటే కాలువ నీళ్ళు అందరికంటే ఆఖరున అందేది, అందరి మురుగూ అందరికంటే ముందు చేరేది. నా చిన్నతనంలో మా నాన్న, పెదనాన్న వంతు నీళ్ళ కోసం రాత్రి లాంతరు పట్టుకుని కాలువ గట్టు మీద కాపలా ఉండేవారు. నాట్లు పడి నెల తిరక్కుండానే అదే చేలో నీళ్ళు తోడలేక అర్జీ పట్టుకుని ఆఫీసుకు తిరిగేవారు. ఆ ఆఫీసులో అర్జీ ఎవరు తీసుకోవాలన్నదే తేలేది కాదు. కాలువ చూసేవాళ్ళు ఒకరు, మురుగు చూసేవాళ్ళు మరొకరు, గట్టు ఇంకొకరిది. ఒకే ఎకరంలో ఎండా మునకా రెండూ చూసిన కుటుంబానికి అన్నపూర్ణ అనే బిరుదు వింటే కొంచెం కోపం రావడం సహజం.

2011 సార్వాలో, అంటే వానాకాలం పంట కాలంలో, ఆ కోపం బయటపడింది. కోనసీమ రైతులు లక్ష ఎకరాలకు అటూ ఇటూగా నాట్లు వేయకుండా వదిలేసి, పంట విరామం ప్రకటించారు. దేశమంతా వింతగా చూసింది. నీళ్ళు ఉండి కూడా పంట వేయనంటారా అని పట్నాల్లో ఆశ్చర్యపోయారు. ధర, కూలి ఖర్చు, ఎరువు, అన్నీ కారణాలే. ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చి అన్నీ విన్నది. కానీ మా ఊరి వైపు ఎవరిని అడిగినా మొదట చెప్పింది ముంపు గురించే. పండిన చేను నవంబరులో నీళ్ళలో పడుకుని మొలకెత్తడం చూసినవాడికి మద్దతు ధర పెంచినా ఏం లాభం? ధాన్యం ఉంటే కదా ధర.

ఈ ముంపుతో వేగలేక మనుషులు ఏమేం చేశారో అదీ ఒక చరిత్ర. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తూర్పు భారతం అంతటా, బంగ్లాదేశ్ దాకా పాకింది. పల్లపు నేలలు ఉన్న ప్రతి చోటా అది అడుగుపెట్టింది. మరో రకానికి కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టారు. చూశారా, మురుగుతో నెట్టుకొచ్చే శాస్త్రవేత్త కూడా చివరికి పేరు కాలువ దొరకే ఇచ్చాడు. దాళ్వా సంగతి ఇంకా చిత్రం. ఎండాకాలం పంటకు గోదావరిలో సహజంగా వచ్చే నీరు చాలదు. ఏజెన్సీ కొండల్లో సీలేరు కరెంటు కేంద్రాల నుంచి వదిలిన నీరు దిగితేనే మా చేలు తడుస్తాయి. కొండల మీద జనం తమ ఊళ్ళు వదులుకుంటే మా దాళ్వా పండుతుంది. పోలవరం ప్రాజెక్టులోనూ జరుగుతున్నది అదే. డెల్టా వాళ్ళం దాని గురించి మాట్లాడేటప్పుడు అంకెలు టీఎంసీల్లోనే చెబుతాం, కదిలిన కుటుంబాల్లో చెప్పం.

డెల్టా అంత సిరి గలదైతే జనం ఎందుకు వలస పోయారని ఎవరైనా అడగాలి. పోయారు, వందేళ్ళకు పైగా పోతూనే ఉన్నారు. కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళడాన్ని రంగం వెళ్ళడం అనేవారు. అక్కడి రేవుల్లో మూటలు మోసిన తెలుగు కూలీలకు కోరంగీలని పేరు పడింది, మునిగిపోయిన రేవు పేరు సముద్రం దాటి తిట్టుగా స్థిరపడింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో బర్మీయులకూ ఈ కూలీలకూ మధ్య జరిగిన అల్లర్లలో ఎందరో చనిపోయారు. 1942లో జపాన్ సేనలు వచ్చాక మిగిలినవాళ్ళు అడవుల గుండా నడిచి వచ్చారు. రంగం తరువాత గల్ఫ్ వచ్చింది. కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా నుంచి కువైట్, మస్కట్, బహ్రెయిన్ ఇళ్ళలో పనికి వెళ్ళినవాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళు. వాళ్ళలో ఎక్కువ మంది సెంటు భూమి లేని ఇళ్ళవాళ్ళు, దళితులు, వెనుకబడిన కులాలవాళ్ళు. ఇవాళ మురుగు కోడు పక్కన కనిపించే రంగుల డాబా మస్కట్ జీతంతో లేచింది. నరసాపురం వైపు ఆడవాళ్ళు వందేళ్ళకు పైగా అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతున్నారు. మిషనరీలు నేర్పిన పని, విదేశాలకు వెళ్ళే సరుకు. ఆ కూలి చూస్తే లేసు పట్టుకున్న వేళ్ళకు జాలి పడాలో, కొన్న వ్యాపారిని మెచ్చుకోవాలో తెలియదు.

పచ్చదనం మీద కవిత్వం రాసినవాళ్ళకు లోటు లేదు. ఆ పచ్చదనంలో ఎవరి చెమట ఉందో చెప్పిన గొంతులూ ఇక్కడివే. దళిత కవి కుసుమ ధర్మన్న రాజమండ్రి వైపు నుంచి, నల్ల దొరతనం కూడా వద్దని 1920ల్లోనే పాడాడు. కవి బోయి భీమన్న మామిడికుదురులో పుట్టాడు. జీఎంసీ బాలయోగి ఈ పల్లాల నుంచే లోక్‌సభ స్పీకరు కుర్చీ దాకా వెళ్ళాడు. యానాం ఎదుర్లంక వంతెన ఆయన పేరుతోనే ఉంది. ఇంత ఉండి, 2022లో జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టబోతున్నందుకు అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. కోనసీమ మర్యాదలు, కోనసీమ వెటకారం అని మురిసిపోయే వ్యాసాల్లో ఆ మే 24 ఉండదు. నాకు ఈ సీమ మీద ప్రేమ లేక చెప్పడం లేదు. అతిథికి విస్తరి నిండా వడ్డించే ఊరే పక్క వాడకు వేరే దారి చూపించింది, రెండూ నిజమే, రెండూ రాయాలి.

ప్రకృతి దగ్గరికి వస్తే, మా దగ్గర ఎక్కువ విలువైనదీ తక్కువ ఫోటోలకు ఎక్కేదీ కోరంగి మడ అడవి. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 1978లో ప్రకటించారు. మడ, ఉప్పుపొన్న, తిల్ల చెట్లు ఇక్కడ పెరుగుతాయి, మడ చెట్టు బురదలో నుంచి వేళ్ళు పైకి పెట్టి ఊపిరి తీసుకుంటుంది. చేపలు పట్టుకుని తినే బావురుపిల్లి ఇక్కడ ఉంది. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1996 నవంబరు 6 తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. చాలామంది వేటకు వెళ్ళి ఒడ్డు చేరని జాలరులు. లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. మడ ముందున్న ఊళ్ళకూ లేని ఊళ్ళకూ ఆ రాత్రి తేడా ఏమిటో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వెళ్ళి పెద్దవాళ్ళను అడిగితే ఎవరైనా చెబుతారు.

అదే 1990ల్లో రొయ్యల చెరువులు వచ్చాయి. తెల్లమచ్చ తెగులు వచ్చి మొదటి విడత మునిగింది, వనామీ రకంతో రెండో విడత లేచింది. రొయ్య పెంచినవాడిని దోషిగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. వరి నష్టపెడితే మనిషి మరో దారి చూసుకుంటాడు. కానీ చెరువు ఉప్పునీరు పక్క చేలోకి ఊరుతుంది, చెరువు మురుగు మళ్ళీ అదే డ్రెయిన్లోకి వస్తుంది, డ్రెయిను గట్టే చెరువు గట్టుగా మారిపోతుంది. శంకరగుప్తం డ్రెయిను వెంట, కేశనపల్లి వైపు, సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరి తోటలు మోడులయ్యాయి. మొవ్వు ఎండి వరుసగా నిలబడ్డ ఆ చెట్లను ఏ పర్యాటక కరపత్రంలోనూ వేయరు.

ఇంతకంటే పెద్ద సంగతి ఒండ్రు తగ్గిపోవడం. నది మీద ఎగువన జయక్వాడీ, శ్రీరాంసాగర్, ఇంకా ఎన్నో ఆనకట్టలు లేచాయి. నీరు దిగువకు వదులుతారు, మట్టి వెనకే ఉండిపోతుంది. 1970లతో పోలిస్తే 1990ల నాటికి గోదావరి తెచ్చే ఒండ్రు దాదాపు మూడో వంతు దగ్గరకు పడిపోయింది. 1976 నుంచి 2001 లోపు డెల్టా అంచున నికరంగా సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. ఆరువేల ఏళ్ళు ముందుకు నడిచిన తీరం మా తరంలోనే వెనక్కి తిరిగింది. పోలవరం పూర్తయితే మరింత మట్టి అక్కడే ఆగుతుంది. అందులో నీటి లెక్క 194 టీఎంసీలు అని ప్రతి సభలోనూ చెబుతారు. మట్టి లెక్క అడిగిన నాయకుడిని నేను ఇంతవరకూ చూడలేదు. ఇది చాలదన్నట్టు నేల కింద గ్యాసు ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్‌లో నగరం దగ్గర గ్యాసు గొట్టం పేలి నిద్రలో ఉన్న మనుషులు కాలిపోయారు. ఆ గ్యాసుతో ఎక్కడో పరిశ్రమలు నడుస్తాయి. పైన నేల కుంగుతోందా లేదా అన్న ప్రశ్నకు జవాబు కావాలని అడిగితే ఊరివాళ్ళని అభివృద్ధికి అడ్డు అంటారు.

మా బాబాయి ఇదంతా విని, "అయితే ఏం చేయమంటావురా, కాటన్‌ను మళ్ళీ పుట్టమంటావా" అన్నాడు. అక్కర్లేదు. కాటన్ చేసిన పని ఒకసారి చేస్తే చాలు, మురుగు పని ప్రతి ఏడూ చేయాలి. అందుకే దానికి విగ్రహం లేదు. కాలువలు, గట్లు కనిపెట్టి ఉండే లస్కర్ల ఖాళీలు నింపాలి. చెరువు గట్టు డ్రెయిన్లోకి జరిగిన చోట ఎవరి చెరువైనా సరే వెనక్కి జరిపించాలి. డ్రెయిను సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేట తీయాలి, అక్కడి తలుపులు పోటుకు మూసుకుని పాటుకు తెరుచుకునే స్థితిలో ఉండాలి. ఎగువ ఆనకట్టల గురించి మాట్లాడేటప్పుడు నీటి వాటాతో పాటు మట్టి వాటా కూడా బల్ల మీద పెట్టాలి.

అన్నిటికంటే ముందు తేదీ. దాళ్వా అయ్యాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. డ్రెయిన్లో పూడిక తీయడానికి ఏడాది మొత్తంలో దొరికే వ్యవధి అప్పటి నుంచి జూన్ నీళ్ళు వదిలేదాకా, అంతే. కానీ మంజూరు కాగితం మే ఆఖరున కదులుతుంది. పొక్లెయిను జూన్‌లో దిగుతుంది. రెండు వానలు పడితే గుర్రపు డెక్క తనే కొట్టుకుపోతుంది, తీసినట్టు బిల్లు రాసుకుంటారు. సార్వాకు నీళ్ళు జూన్ మొదటి వారంలో ఇచ్చి, మురుగు దారి తెరిచి ఉంచితే పంట అక్టోబరు ఆఖరుకు గట్టెక్కుతుంది, నవంబరు తుఫానుకు చిక్కదు. ఈ మాట రైతు సంఘాలు ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాయి. వచ్చే వేసవిలో మా ఊరి డ్రెయిను మీద పొక్లెయిను ఏ తేదీన దిగిందో, ఎంత దూరం నడిచిందో, బిల్లులో ఎంత దూరం రాశారో చూసి ఇక్కడే రాస్తాను.